అండమాన్‌లో మా డిసెంబరు: సముద్రం ఒప్పుకుంటేనే ప్రయాణం

అండమాన్ వెళ్లొచ్చి రెండు వారాలు దాటింది. చుట్టాలు, స్నేహితులు, పక్క ఫ్లాటు వాళ్లు అందరూ అడుగుతుంటే ఫోన్లో చెప్పలేక ఒకసారి రాసి పెడుతున్నాను. బీచ్‌లు ఎంత అందంగా ఉంటాయో మీరు వీడియోల్లో చూసుకోవచ్చు. మాకు ఏం జరిగింది, ఎక్కడ ఎంతసేపు కూర్చున్నాం, చేతిలోంచి ఎంత పోయింది, అదే నేను రాసేది.

మా ఆయనకు యాభై ఏడు, నాకు యాభై రెండు. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయాక మేమిద్దరమే పెట్టుకున్న మొదటి ప్రయాణం ఇది. ఇంతకుముందు మా ప్రయాణాలంటే తిరుపతి, కాశీ, కాకపోతే ఎవరిదో పెళ్లి. "ఈ వయసులో హనీమూనా వదినా?" అని మా ఆడపడుచు మెసేజ్ పెట్టి ఆటపట్టించింది. సముద్రం లోపలికి దిగి స్కూబా చెయ్యాలన్నది మా ఆయన కోరిక. ఆయన చిన్నప్పుడు గోదావరిలో ఈదిన మనిషి. నేను కాకినాడలో పుట్టినా నాకు ఈత రాదు, మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగింది లేదు. నేను ఒడ్డున కూర్చుని చూస్తానన్న ఒప్పందం మీదే టికెట్లు తీశాం.

క్రిస్మస్ వారంలో విమానం రేట్లు ఇంచుమించు రెట్టింపు ఉన్నాయని డిసెంబరు 9న వెళ్లి 15న వచ్చేలా చూసుకున్నాం. హైదరాబాద్ నుంచి నేరుగా పోర్ట్ బ్లెయిర్ వెళ్లే విమానం, సెప్టెంబరులో తీస్తే ఇద్దరికీ రానూపోనూ 27,400 అయింది. పదో తారీకు ఉదయం ఫెర్రీలో హ్యావ్‌లాక్ దీవి, అక్కడ మూడు రాత్రులు, 13న నీల్ దీవి, 14న మళ్లీ పోర్ట్ బ్లెయిర్. కాగితం మీద చాలా బాగుంది. మన వాళ్లు వెళ్లే పోర్ట్ బ్లెయిర్, హ్యావ్‌లాక్, నీల్ వరకూ పర్మిట్లు ఏమీ అక్కర్లేదు, ఆధార్ ఉంటే చాలు. టికెట్ల మీద మాత్రం వాటి కొత్త పేర్లు, శ్రీ విజయపురం, స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని ఉంటాయి, వేరే ఊరికి తీశామేమోనని కంగారు పడకండి.

9న ఉదయం ఎనిమిదిన్నరకల్లా దిగిపోయాం. డిసెంబరు కదా అని నేను రెండు స్వెటర్లు, ఒక శాలువా పెట్టుకున్నాను. వాటిని వారం రోజులూ మోసి, మడత విప్పకుండా తిరిగి తెచ్చాను. అక్కడ చలి అన్నదే లేదు, జిడ్డు చెమట.

మధ్యాహ్నం సెల్యులార్ జైలు చూశాం. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక రెక్కలోని గదుల తలుపులు పక్క రెక్క వీపు వైపు తెరుచుకునేలా కట్టారు. ఒకరి మొహం ఒకరికి కనపడకూడదని. మా ఆయన ఒక గదిలోకి వెళ్లి వెంటిలేటరు అందుతుందేమోనని చెయ్యెత్తి చూశారు, అందలేదు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడి ఈ జైలుకే వచ్చిన ప్రతివాది భయంకరాచారి గురించి మా నాన్న చెబుతుండేవారు. అల్లూరి దళంలోని గాం మల్లుదొర కూడా ఇక్కడ శిక్ష అనుభవించి, తరవాత 1952లో విశాఖపట్నం నుంచి పార్లమెంటుకి వెళ్లాడు. సరదాగా తిరుగుదామని వచ్చి మొదటి రోజే ఇక్కడికి రావడం సరైందేనా అని నాకు కాసేపు అనిపించింది. బయటికి వచ్చాక ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

టీ తాగి బీచ్‌కి వెళ్దాం అనుకునేసరికి చీకటి పడింది. టైము చూస్తే అయిదుంబావు. కలకత్తాకన్నా తూర్పున ఉన్నా అక్కడి గడియారం మాత్రం మనదే, అందుకని డిసెంబరులో అయిదింటికే సూర్యుడు దిగిపోతాడు. తెల్లవారుజామున అయిదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది. ఈ సంగతి ముందే తెలిస్తే రోజంతా వేరేలా వేసుకోవచ్చు. మధ్యాహ్నం నిద్రపోయే అలవాటున్నవాళ్లకు అండమాన్‌లో సాయంత్రం ఉండదు.

పదో తారీకు. ఎనిమిదింటి ఫెర్రీకి గంట ముందే ఉండాలన్నారని ఆరూ ముప్పావుకే హాడో జెట్టీకి చేరాం. రాత్రంతా వాన. ఏడున్నరకు సామాన్లకు చీటీలు కట్టారు. ఎనిమిదికి "కొంచెం ఆలస్యం" అన్నారు. తొమ్మిదిన్నరకు మళ్లీ అదే మాట. పదింబావుకు ఒకాయన మైకు కూడా లేకుండా బల్ల మీదికెక్కి చెప్పాడు: సముద్రం బాగాలేదు, పోర్టు వాళ్లు అనుమతి ఇవ్వలేదు, ఈ రోజుకి ఏ ఫెర్రీ లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అట. మా ఆయన అప్పటికే ఫోన్లో గాలి మ్యాపు తెరిచి పెట్టుకున్నారు.

ఆ తరవాత ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. అందరూ కౌంటరు మీద పడ్డారు. డబ్బు వాపసు తీసుకోవచ్చు, లేదా సీటుంటే వేరే రోజుకి మార్చుకోవచ్చు. మర్నాటి ఫెర్రీలు ముందే నిండిపోయి ఉన్నాయి, అవి కూడా కదులుతాయన్న నమ్మకం లేదు. గంటకు పైగా నిలబడితే 12 ఉదయానికి రెండు సీట్లు దొరికాయి, అవీ పక్క పక్కన కాదు. మా వెనక ఒక కొత్త జంట, కరీంనగర్ పిల్లలు. ఆ అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. వాళ్ల తిరుగు విమానం 12న. హ్యావ్‌లాక్ చూడకుండానే ఇంటికి వెళ్లాలని అర్థమయ్యేసరికి ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. నా బ్యాగులో సున్నుండలుంటే ఇచ్చాను, అంతకంటే చేయగలిగింది ఏముంది.

ఇంక హ్యావ్‌లాక్ హోటల్‌కి ఫోను. పదో తారీకు రాత్రి డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. ఫెర్రీ రాకపోతే మా తప్పా అని వాళ్లు, మా తప్పా అని మేము. చివరికి 11వ తారీకు రాత్రిని 13కి మార్చారు, 12 అలాగే ఉంచారు. 4,800 అక్కడే పోయింది. నీల్‌లో హోటల్‌కి దిగాక కట్టే ఏర్పాటు కాబట్టి బతికిపోయాం. రూము బుక్ చేసుకునేటప్పుడు ఫెర్రీ రద్దయితే ఏం చేస్తారని ముందే అడిగి, జవాబు మెసేజ్‌లో రాయించుకోండి.

హోటల్‌కి తిరిగొచ్చాక మాకు గొడవైంది. "జనవరిలో వెళ్దామన్నాను, విన్నావా?" అన్నారాయన. "జనవరిలో మీ అమ్మగారి సంవత్సరీకం ఉంది, ఆ మాట మీరే అన్నారు" అన్నాను. ఆ మాట తరవాత ఆయన మంచం మీద అటు తిరిగి పడుకుని గాలి మ్యాపు చూస్తూ ఉండిపోయారు. ఇంట్లో అయితే నేను వంటింట్లోకి, ఆయన బాల్కనీలోకి పోతాం, రెండు గంటల్లో సర్దుకుంటుంది. హోటల్ గదిలో పోవడానికి చోటు ఎక్కడ. నేను గొడుగు తీసుకుని కిందికి దిగాను.

దిగడం మంచిదైంది. ఆటో ఎక్కి వచ్చీరాని హిందీలో అబెర్డీన్ బజార్ అనగానే డ్రైవరు వెనక్కి తిరిగి "ఏటమ్మా, తెలుగోలేనా?" అన్నాడు. వాళ్ల తాతది సోంపేట దగ్గర ఊరు. అతను మాత్రం ఇక్కడే పుట్టాడు. శ్రీకాకుళం ఎప్పుడో ఒకసారి పెళ్లికి వెళ్లాడట. బజార్లో సగం కొట్లలో తెలుగు వినపడుతూనే ఉంది. జంగ్లీఘాట్‌లో మన మత్స్యకారులు బోలెడంతమంది ఉన్నారని, అక్కడ చిన్న మెస్సు ఉందని చెప్పి, మధ్యాహ్నం మా ఆయన్ని కూడా తీసుకొచ్చి అక్కడికి తీసుకెళ్లాడు. వేడి అన్నం, చేపల పులుసు, ఇద్దరికీ 360. పులుసులో చింతపండు సరిగ్గా మనింట్లోలాగే పడింది. మా ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు, గొడవ అక్కడికి ముగిసింది.

ఆ ఆటో అబ్బాయి చెప్పిన మాట మాకు ఏ ట్రావెల్ ఏజెంటూ చెప్పలేదు. "డిసెంబరులో వచ్చేవోళ్లు ఒక రోజు కాళీగా ఎట్టుకోవాలమ్మా. ఇక్కడ టికెట్టు ఉంటే సరిపోదు, ఓడ ఎక్కినాకే ఎక్కినట్టు" అన్నాడు. 2016 డిసెంబరులో తుఫానొచ్చి హ్యావ్‌లాక్, నీల్‌లో వందల మంది చిక్కుకుపోతే నేవీ ఓడలు వెళ్లి తీసుకొచ్చాయని కూడా చెప్పాడు. అది విన్నాక పోర్ట్ బ్లెయిర్‌లో చిక్కుకోవడం మా అదృష్టమే అనిపించింది. ఇక్కడ కనీసం విమానం ఉంది.

11న వాన తెరిపిచ్చినప్పుడల్లా బయటికి వెళ్లాం. సముద్రిక మ్యూజియం, కార్బిన్స్ కోవ్ బీచ్. చూశాం, అంతే. ఆ రోజు కూడా ఫెర్రీలు కదల్లేదు. బారాటాంగ్ దీవికి వెళ్దామా అని ఆలోచించి వదిలేశాం. జరవా ఆదివాసులుండే అడవి మీదుగా కాన్వాయ్‌లో తెల్లవారుజామునే బయల్దేరాలి, దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు. రూల్స్ మంచివే. కానీ మనుషులు బతుకుతున్న చోటు గుండా కారు అద్దాల్లోంచి తొంగి చూస్తూ పోవడం నాకెందుకో నచ్చలేదు.

12 ఉదయం ఫెర్రీ కదిలింది. జెట్టీలో ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు పావుగంట కూడా నిలవలేదు. రేవు దాటగానే ఊపు మొదలైంది. సిబ్బంది వరసల మధ్య తిరుగుతూ కాగితం సంచులు పంచారు. కెరటం అలా ఎత్తి ఇలా దింపుతుంటే కడుపు సముద్రంలో ఎక్కడో ఉండిపోయి మనం మాత్రం పైకి వచ్చినట్టుంటుంది. నేను బయల్దేరడానికి ముప్పావుగంట ముందు వాంతులు రాకుండా అవోమిన్ మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలే తిన్నాను, నాకేం కాలేదు. గోదావరి ఈతగాడు మాత్రం మాత్ర అక్కర్లేదని పూరీ తిని ఎక్కారు. ఆ తరవాత వివరం రాయొద్దని ఆయన మాట తీసుకున్నారు. సీటు ఎంచుకునే వీలుంటే మధ్యలోనో వెనకో తీసుకోండి, ముందు వరసల్లో ఊపు ఎక్కువ.

రెండు గంటలకు కాస్త పైనే పట్టింది. హ్యావ్‌లాక్ జెట్టీలో దిగాక ఎండ చూసి, మొన్నటి వాన అంతా అబద్ధమేమో అనిపించింది. అక్కడి ఊళ్ల పేర్లు గోవింద్ నగర్, విజయ్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్. ఒకప్పటి తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు ఇచ్చిన ఊళ్లు, ఇప్పటికీ ఎక్కువమంది వాళ్లే. కాబట్టి భోజనం అంటే చేపల కూర, పప్పు, అన్నం. మన వాళ్లకి ఇబ్బందేం లేదు, పచ్చళ్లు మోయక్కర్లేదు. కానీ నగదు ఉంచుకోండి. సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. కొబ్బరిబోండాల అతనికి డబ్బు వెళ్లిందో లేదో తెలియక మేమిద్దరం, అతనూ ముగ్గురం పది నిమిషాలు ఫోను వైపు చూస్తూ నిలబడ్డాం.

ఇంకో సంగతి. మా హోటల్ విజయ్ నగర్ బీచ్‌లో. ఫోటోలో గది ముందే నీలం నీళ్లు. మేం వెళ్లేసరికి ఆటు సమయం, సముద్రం ఎక్కడో దూరాన ఉంది, మధ్యలో అంతా రాళ్లు, విరిగిన పగడపు ముక్కలు. పోటు వచ్చేదాకా స్నానం కుదరదు. రిసెప్షన్‌లో ఆటుపోట్ల టైములు రాసి పెడతారు, వెళ్లగానే ఫోటో తీసుకుని ఉంచుకోండి. రబ్బరు బూట్లు కొనుక్కోండి, బజార్లో 350కి దొరికాయి. సాయంత్రం ఇసుకలో కూర్చుంటే కనపడని ఈగలు కుడతాయి, నా పిక్కల మీద దద్దుర్లు ఇంకా పూర్తిగా మానలేదు.

చీకటి సంగతి తెలుసు కాబట్టి రెండింటికే టాక్సీలో రాధానగర్ వెళ్లాం, రానూపోనూ 1,200. పొడవాటి చెట్ల అడవి దాటగానే ఒక్కసారిగా సముద్రం. ఇక్కడ రాళ్లు లేవు, కాలికింద మెత్తటి ఇసుక చాలా దూరం వరకూ ఉంది. మొసళ్ల హెచ్చరిక బోర్డు చూసి నేను ఆగిపోయాను. జెండాల మధ్యే ఉండమని, అక్కడ గార్డులు కాపలా ఉంటారని చెప్పారు. కాస్త పక్కకు వెళ్లినవాళ్లకు ఈల వేస్తూనే ఉన్నారు. మా ఆయన చెయ్యి పట్టుకుని నడుము లోతు దాకా వెళ్లాను. జన్మలో అదే మొదటిసారి. ఒక అల తలమీంచి పోయింది. ముక్కులో ఉప్పునీళ్లు, జుట్టంతా ఇసుక, అయినా వెనక్కి రావాలనిపించలేదు. అయిదింటికి గార్డులు అందర్నీ బయటికి పంపించేదాకా అక్కడే ఉన్నాం.

13 ఉదయం ఆరున్నరకు స్కూబా. ముందు ఒక ఫారం నింపాలి. ఊపిరితిత్తుల జబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, గుండె, ఫిట్స్, బీపీ మాత్రలు వాడుతున్నారా. మా ఆయన ఆరేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నారు. ఉన్నది ఉన్నట్టు రాశారు. అక్కడి అమ్మాయి ఫారం చూసి, డాక్టరు సర్టిఫికెట్ లేకపోతే దింపలేం సార్ అంది. ఆయన బతిమాలారు, బీపీ ఎప్పుడూ కంట్రోల్లోనే ఉంటుందన్నారు, ఇంట్లో డాక్టరుకి ఫోను చేస్తానన్నారు. ఆదివారం కాకపోయినా ఆ వేళప్పుడు ఏ డాక్టరు ఎత్తుతాడు. వాళ్లు ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. కానీ ఆయన మొహం చూడలేకపోయాను. సెప్టెంబరు నుంచి ఎదురుచూసింది ఈ ఒక్క గంట కోసం.

"నీకు చెప్పలేదు గానీ ఇద్దరి డబ్బులూ కట్టేశాను, నువ్వు దిగు" అన్నారు కాసేపటికి. నవ్వు వచ్చింది, తరవాత చూస్తే ఆయన నిజంగానే అంటున్నారు. ఈత రాకపోయినా పర్లేదట. నేనూ ఫారం నింపితే అన్నిటికీ "లేదు" అనే వచ్చింది.

ఒళ్లంతా బిగుసుకుపోయే రబ్బరు డ్రెస్సు వేసుకోవడానికే ఇరవై నిమిషాలు. మొదట ఛాతీ లోతు నీళ్లలో నేర్పిస్తారు. నోటితోనే ఊపిరి పీల్చాలి, కళ్లజోడులోకి నీళ్లొస్తే ఎలా ఊదాలి, చెవులు నొప్పెడితే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఎలా నొక్కాలి. సైగలు కూడా. మనం "బాగుంది" అని చూపించే బొటనవేలు సైగకి నీళ్లలో "పైకి వెళ్దాం" అని అర్థం. నేను మొదట రెండుసార్లు బాగుందనుకుని అదే చూపించాను, ఆ కుర్రాడు నన్ను పైకి తేల్చేశాడు. మూడోసారి నేనే అతనికి దణ్ణం పెట్టాను. హ్యావ్‌లాక్‌లో పుట్టిన బెంగాలీ కుర్రాడు, మా చిన్నవాడి వయసు ఉంటుంది. "ఆంటీ, మీరు ఏమీ చెయ్యొద్దు, ఊపిరి తీయండి చాలు, మిగతాదంతా నేను" అన్నాడు హిందీలో.

నెమో రీఫ్ అనే పగడపు దిబ్బ దగ్గరికి ఒడ్డు నుంచే దిగుతారు. లోతు పెరిగేకొద్దీ చెవుల్లో సూదులు. ముక్కు నొక్కి ఊదితే టక్‌మని తెరుచుకున్నాయి. ఒక చోట నాకు గుండె దడ పట్టుకుంది, పైకి వెళ్లిపోదామని వేలు ఎత్తబోయాను. అతను నా చెయ్యి పట్టుకుని ఆగాడు, నా కళ్లలోకి చూస్తూ తన ఛాతీ మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా ఊపిరి తీసి చూపించాడు. నాలుగైదు ఊపిర్ల తరవాత దడ తగ్గింది. మొన్నటి గాలులకు నీళ్లు కాస్త మసకగానే ఉన్నాయి. అయినా నారింజ రంగు చేపలు కదిలే పువ్వుల్లాంటి వాటిలోంచి తలలు బయటికి పెట్టడం, నేను దగ్గరికి వెళ్లగానే దాక్కోవడం చూశాను. అక్కడ వినపడేది నా ఊపిరి చప్పుడొక్కటే. ముప్పై ఏళ్లుగా ఇంట్లో ఎవరో ఒకరు నన్ను పిలవకుండా అంతసేపు గడిచింది అదేనేమో.

బయటికొచ్చేసరికి మా ఆయన మోకాలి లోతు నీళ్లలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఎలా ఉంది?" అన్నారు. నాకు చెప్పడం చేతకాలేదు, ఏడుపొచ్చింది. "నా డబ్బులకి ఏడుస్తావేం" అని తువ్వాలు భుజాల మీద కప్పారు. ఆయన కోసం కట్టిన 4,500 స్కూబా వాళ్లు ఆ రోజే తిరిగి ఇచ్చేశారు. నా ఫోటోలు, వీడియో ఆ ధరలోనే వచ్చాయి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, డైవ్ చేశాక ఒక రోజు దాటేదాకా విమానం ఎక్కకూడదు. మాది 15న కాబట్టి సరిపోయింది. చివరి రోజుకి స్కూబా పెట్టుకునేవాళ్లు ఇది చూసుకోవాలి.

నీల్ వదిలేశాం. 14న హ్యావ్‌లాక్ నుంచి నేరుగా పోర్ట్ బ్లెయిర్‌కి కొత్త టికెట్లు తీశాం. విమానం రోజు పొద్దున్నే ఫెర్రీలో వచ్చి ఎక్కుదాం అనుకునే ధైర్యం మాకు మిగల్లేదు. 15న ఎయిర్‌పోర్టులో మా ముందున్న కుటుంబం బ్యాగు స్కానర్‌లో ఆపి, పిల్లవాడు ఏరుకున్న గవ్వలు, పగడపు ముక్కలు తీయించేశారు. అవి అక్కడి నుంచి తేవడం చట్టరీత్యా నేరం. వాడి ఏడుపు బోర్డింగ్ దాకా వినపడింది.

అంతా కలిపితే ఎనభై వేలకు కాస్త తక్కువైంది. విమానం 27,400, హోటళ్లు ఆ పోయిన రాత్రితో సహా 25,600, వెళ్లిరావడానికి ఫెర్రీలు 6,700, స్కూబా 4,500, మిగతాది తిండీ టాక్సీలు. నీల్ టికెట్ల డబ్బు ఇందులో కలపలేదు. అది మేమే రద్దు చేసుకున్నట్టు లెక్కట, పావు వంతు కోసుకుని మిగిలింది డిసెంబరు 30న వేశారు, అదీ మూడు మెయిళ్లు పెట్టాక.

మా ఆయన నిన్న కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లి, డైవింగ్‌కి పనికొస్తానని కాగితం రాసిమ్మని అడిగారట. ముందు ట్రెడ్‌మిల్ టెస్టు చేయించుకు రమ్మన్నారు. శనివారం పదింటికి అపాయింట్‌మెంట్.